మగ్గం ఎక్కకముందే ఆగిపోతున్న పని: చేనేత, జౌళి శాఖకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర చేనేత, జౌళి శాఖ కమిషనర్ గారికి, యాదాద్రి భువనగిరి, నల్లగొండ, జోగుళాంబ గద్వాల, నారాయణపేట జిల్లాల చేనేత అధికారులకు, హైదరాబాద్‌లో మా బట్టతో వ్యాపారం చేస్తున్న డిజైనర్లకు, బొటిక్ యజమానులకు,

నమస్కారం.

హైదరాబాద్ ఫ్యాషన్ అనగానే బంజారాహిల్స్ బొటిక్‌లు, మాదాపూర్‌లోని ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్, ర్యాంపు షోలు కళ్లముందు మెదులుతాయి. వాటి వెనక పాతబస్తీలో కార్చోబ్ (బట్టను బిగించే చట్రం) ముందు కూర్చుని మగ్గం వర్క్ (చేతి ఎంబ్రాయిడరీ) చేసే కారీగర్లున్నారు. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో లేసులు, గుండీలు, లైనింగు బట్ట అమ్మే దుకాణాలున్నాయి. నగరానికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో పోచంపల్లి ఉంది. ఇంకొంచెం ముందుకు పోతే కొయ్యలగూడెం, పుట్టపాక, గట్టుప్పల్, సిరిపురం. దక్షిణాన గద్వాల, నారాయణపేట. ఇవన్నీ కలిస్తేనే అది ఒక పరిశ్రమ. ఏ ఒక్కటి కుంటుబడినా మిగతావాటికి ఆ దెబ్బ తగులుతుంది.

పోచంపల్లి చుట్టుపక్కల ఊళ్ల ఆసు, చిటికి, అద్దకం, నేత పనివాళ్లం మేం చెప్పదలచుకున్నది ఒకటే. క్లస్టర్ల అభివృద్ధి పేరుతో వచ్చే డబ్బు ఎక్కువగా షెడ్లకు, షోరూములకు, ఎగ్జిబిషన్లకు, కొత్త మగ్గాలకు పోతోంది. పని మాత్రం మగ్గం ఎక్కకముందే, నూలు నుంచి పడుగు (నిలువు పోగులు) దాకా ఉన్న నాలుగైదు చిన్న పనుల దగ్గర ఆగిపోతోంది. ఆసు (పోగును మేకుల చుట్టూ తిప్పడం), చిటికి (రంగు ఎక్కకుండా కట్లు కట్టడం), అద్దకం, అచ్చు అతుకుడు (పాత పడుగుకు కొత్త పడుగు అతకడం), కండెలు (నాడెలో పెట్టే పోగు చుట్టలు) చుట్టడం. రేపటి ఖర్చు ముందుగా వీటి మీద పెట్టండి.

2019-20 నాలుగో అఖిల భారత చేనేత గణనలో దేశం మొత్తమ్మీద నేత పనివాళ్లు 26.73 లక్షలు, అనుబంధ పనివాళ్లు 8.48 లక్షలు అని తేలింది. అంటే ముగ్గురు నేతగాళ్లకు ఒక అనుబంధ కార్మికుడు. మామూలు తువ్వాలకో లుంగీకో ఆ లెక్క సరిపోతుందేమో. పోగులకు ముందే కట్లు కట్టి, రంగులద్ది నేసే మా ఇక్కత్‌కు సరిపోదు. మా దగ్గర చీర మగ్గం మీద ఉండే రోజులకంటే మగ్గం ఎక్కడానికి పట్టే రోజులే పెద్ద చిక్కు.

వరస ఇది. పట్టు బెంగళూరు వైపు నుంచి, జరీ సూరత్ నుంచి, నూలు చిలపలు (పోగుల చుట్టలు) ఎక్కువగా తమిళనాడు మిల్లుల నుంచి వస్తాయి. ముడి పట్టును సబ్బునీళ్లలో ఉడకబెట్టి బంక తీస్తే బరువులో 20 నుంచి 25 శాతం పోతుంది. కిలో కొంటే చేతికొచ్చేది 800 గ్రాములకు లోపే. ధర బేరమాడేటప్పుడు డిజైనర్లు ఈ తరుగును లెక్కలోకి తీసుకోరు. ఆ తర్వాత పేకను (అడ్డపోగులను) ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు, వాటికెదురుగా ఒక మేకు. వాటి చుట్టూ పోగును తిప్పుతూ పోవాలి. ఒక చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి, నాలుగైదు గంటల పని. ఆడవాళ్ల భుజాలు అరిగిపోయిన పని ఇది. చింతకింది మల్లేశం గారి లక్ష్మీ ఆసు యంత్రం దాన్ని గంటన్నరకు తెచ్చింది. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. ఒక్క మెట్టు మీద దృష్టి పెడితే పరిశ్రమ మొత్తానికి ఎంత ఊపిరి వస్తుందో చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. మిగతా మెట్లకు అలాంటి ప్రయత్నం ఇంకా జరగాలి.

ఆసు దిగిన పోగుల కట్టను చట్రానికి బిగించి, గ్రాఫు కాగితం మీది గళ్ల ప్రకారం గుర్తులు పెట్టి, సైకిల్ ట్యూబును సన్నగా కోసిన రబ్బరు పట్టీలతో ఎక్కడ రంగు ఎక్కకూడదో అక్కడ చుట్టాలి. ఇదే చిటికి. పట్టీని సాగదీస్తూ, చుట్టు మీద చుట్టు కొంచెం ఎక్కేలా కట్టాలి. సందు మిగిలితే రంగు లోపలికి పాకి, డైమండ్ గడి అంచు మసకబారుతుంది. కట్టు సరిగా ఉన్నా, విప్పేటప్పుడు బ్లేడు ఏమరితే నాలుగు పోగులకు గాటు పడుతుంది. ఆ గాటు అప్పుడు కనపడదు. మగ్గం మీద పోగు బిగిసినప్పుడు పుటుక్కున తెగి, అప్పుడు బయటపడుతుంది.

రంగు లేతది ముందు, ముదురుది తర్వాత. తెల్లగా ఉండాల్సిన చోట కట్టి పసుపు రంగులో ముంచుతారు. పసుపు నిలవాల్సిన చోట మళ్లీ కట్టి ఎరుపులో ముంచుతారు. ఎరుపు నిలవాల్సిన చోట ఇంకోసారి కట్టి నలుపులో. మూడు రంగులంటే కట్టడం, ముంచడం, ఆరబెట్టడం మూడుసార్లు. డిజైనర్లకు ఇక్కడే ఒక మాట. గ్రాఫు దశలో మీరు ఎన్ని మార్పులు అడిగినా మాకు పోయేది కాగితమే. చిటికి కట్టాక మార్చమంటే వారం పది రోజుల మజూరి పోతుంది. రెండో రంగు పడ్డాక ‘బేస్ కలర్ మెరూన్ వద్దు, బాటిల్ గ్రీన్ చేయండి’ అని ఫోను చేస్తే పట్టు కూడా పోయినట్టే. అందుకే గ్రాఫు మీద సంతకం, ప్రతి రంగుకూ అద్దిన పోగు ముక్క అంటించిన షేడ్ కార్డు, ఈ రెండూ లేకుండా ఆర్డరు ఇవ్వకండి, తీసుకోకండి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో రంగు ఫోను ఫోనుకూ మారుతుంది. దాన్ని నమ్ముకుని అద్దిన సరుకు మీద జరిగే తగాదాలో నష్టపోయేది ఎప్పుడూ అద్దకం చేసినవాడే.

అద్దకం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఈ క్లస్టర్‌లో బలహీనమైన ముడి అదే.

మొదటి కష్టం నీళ్లు. నల్లగొండ భూగర్భ జలాల్లో ఫ్లోరైడు సంగతి దేశమంతా ఎరిగిందే. అద్దకానికి మాత్రం అసలు శత్రువు కఠినత్వం. నీళ్లలోని కాల్షియం సబ్బును విరిచేస్తుంది. పట్టు బంక ఒకచోట పోయి ఒకచోట ఉండిపోతుంది. ఉన్నచోట రంగు సమంగా పట్టదు, మచ్చలు పడతాయి. అదే రంగు, అదే కొలత, రెండు బోర్ల నీళ్లలో రెండు షేడ్లు ఇస్తుంది. రెండో కష్టం కొలత. కిలో రెండు కిలోల కట్టలకు చేతి అంచనాతో రంగు వేస్తే మొదటి వార్పుకు (ఒకసారి మగ్గం ఎక్కే పడుగుకు) వచ్చిన నీలం రెండో వార్పుకు రాదు. ఒక చీరయితే ఎవరూ అడగరు. ఒకే డిజైను కుర్తాలు యాభై కుట్టించే బొటిక్ మాత్రం సరుకు తిప్పి పంపుతుంది. గ్రాములో పదో వంతు చూపే త్రాసు, థర్మామీటరు, నీటి ఆమ్లత చూపే పీహెచ్ కాగితాలు, రెసిపీ రాసుకునే పుస్తకం ఉంటే ఈ నష్టంలో ఎక్కువ భాగం తప్పుతుంది. పట్టుకు యాసిడ్ రంగు వేస్తే పీహెచ్ 4, 5 మధ్య, వేడి 85 నుంచి 90 డిగ్రీలు. తెర్లే నీళ్లలో ఎక్కువసేపు ఉంచితే రబ్బరు సడలి రంగు లోపలికి దూరుతుంది. నూలుకు రియాక్టివ్ రంగు వేశాక చివర సబ్బునీళ్లలో మరగబెట్టడం తప్పదు. పట్టకుండా మిగిలిన రంగు అప్పుడే వదులుతుంది. కట్టెలు, నీళ్లు ఆదా చేద్దామని ఆ ఒక్క ఉడుకు మానేస్తే ఆ రంగు కొన్నవాళ్ల ఇంట్లో వదులుతుంది. ‘పోచంపల్లి రంగు పోతుంది’ అనే చెడ్డపేరు ఎక్కువగా ఈ ఆదా వల్ల వచ్చిందే.

మీ శాఖ ఉమ్మడి డైహౌస్‌లు (అద్దకం కేంద్రాలు) కట్టకపోలేదు. అవి ఎందుకు మూలనపడతాయో చెప్తాం. ఒకటి, యంత్రం సైజు. 20, 50 కిలోల హ్యాంక్ డైయింగ్ మెషీన్లు కొంటారు. రంగు ఒకటే ఉన్న ప్లెయిన్ నూలుకు అవి బాగుంటాయి. చిటికి కట్టిన కట్టను చేత్తో పిసుకుతూ, రంగును మడతల్లోకి ఎక్కిస్తూ ముంచాలి. దానికి కిలో నుంచి ఐదు కిలోలు పట్టే స్టీలు తొట్లు కావాలి. రెండు, దూరం. తడి కట్టను బండి మీద ఐదు కిలోమీటర్లు మోసుకొచ్చి, ఇంట్లో రెండో కట్టు వేసి, మళ్లీ ఐదు కిలోమీటర్లు పోవడం అయ్యే పని కాదు. మూడు రంగులకు మూడు రాకపోకలు. అందుకే ఊళ్లోనే ఉండాలి, చిన్నదైనా పర్వాలేదు. మూడు, మనిషి. భవనానికి నిధులుంటాయి, జీతమిచ్చి పెట్టే అద్దకం మేస్త్రీకి ఉండవు. ఏడాది తిరిగేసరికి కరెంటు బిల్లు బాకీ, మోటారు చెడిపోవడం, తాళం. కిలోకు ఇంత అని వాడకం రుసుము పెట్టి, ఆ డబ్బులోంచి మేస్త్రీకి, కరెంటుకు, మెత్తనినీటి ప్లాంటుకు పోయేలా మొదటి రోజే రాసుకోవాలి. అద్దిన కట్టలు ఆరడానికి నీడపట్టున రేకుల పందిరి ఉండాలి. ముసురు పట్టిన రోజుల్లో ఆరకే సగం పని ఆగుతుంది.

వాడిన రంగునీళ్ల సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. 2011 జనవరిలో మద్రాస్ హైకోర్టు ఆదేశాలతో తిరుపూర్‌లో 700కు పైగా అద్దకం యూనిట్లు మూతపడ్డాయి. నొయ్యల్ నదిలోకి వదిలిన రంగునీళ్లు దానికి కారణం. కుట్టు మిషన్లున్నాయి, ఎగుమతి ఆర్డర్లున్నాయి, పనివాళ్లున్నారు. రంగు వేసేవాళ్లు ఆగిపోయేసరికి ఊరు ఊరంతా తల్లడిల్లింది. మన గ్రామాల్లో అద్దకం చిన్నది కాబట్టి ఎవరూ పట్టించుకోరని అనుకోవడం ప్రమాదం. ఊరికొక చిన్న శుద్ధి తొట్టి ఖర్చు ఇప్పుడు పెడితే పోయేదానికి, రేపు కోర్టు గడప దాకా పోనివ్వకండి. నిషేధిత అజో (ఒక రకం రసాయన) రంగుల జాబితాలో మన దేశంలో 112 ఉన్నాయి. కొయ్యలగూడెం దుప్పట్లు, తానులు కొనే ఎగుమతిదారులు పరీక్ష రిపోర్టు అడుగుతారు. డబ్బా మీద కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు లేని లూజు రంగు కొన్నవాడు ఆ రిపోర్టు తేలేడు. డైహౌస్‌లోనే పరీక్షించిన రంగులు అసలు ధరకు అమ్మితే ఈ బెడద ఉండదు.

అద్దకం అయ్యాక అచ్చు అతకాలి. పాత పడుగు కొసకు కొత్త పడుగు పోగును ఒక్కొక్కటే మెలిపెట్టి అతికే పని. పట్టు చీరకు నాలుగైదు వేల పోగులు. ఈ పని చేసేవాళ్లు ఊళ్లో కొద్దిమందే మిగిలారు, వాళ్లలో చాలామంది వయసు మళ్లినవాళ్లు. వాళ్ల కోసం మగ్గం ఖాళీగా ఎదురుచూడటం మామూలైపోయింది. కండెలు చుట్టేవాళ్లు వరస తప్పారా, చీర మీద పువ్వు రెండు ముక్కలవుతుంది. అందుకే ప్రతి కండెకూ నంబరు వేసి దండలా గుచ్చి పెడతారు. ఇంత నైపుణ్యం ఉన్న మనిషికి ప్రభుత్వ లెక్కల్లో సొంత గుర్తింపు లేదు. జియోట్యాగ్ నంబరు (మగ్గం ఉన్న చోటును గుర్తించే ప్రభుత్వ నంబరు) మగ్గానికి ఉంటుంది, అనుబంధ కార్మికుడు దాని కింద నమోదు కావాలి. ఐదారు మగ్గాలకు అచ్చు అతికేవాణ్ణి, పది ఇళ్లకు చిటికి కట్టే ఆడమనిషిని ఏ మగ్గం కింద రాస్తారు? పొదుపు పథకంలో నేతన్న తన కూలిలో 8 శాతం కడితే ప్రభుత్వం 16 శాతం కలపడం మంచి ఏర్పాటు. అది ఈ పనివాళ్లకు మగ్గంతో సంబంధం లేకుండా, పనిపేరుతోనే అందేలా కార్డు ఇవ్వండి. లేదంటే వాళ్లు చౌటుప్పల్ కంపెనీల బస్సెక్కుతారు. ఇప్పటికే ఎక్కుతున్నారు, తప్పు వాళ్లది కాదు.

గద్వాల చిక్కు వేరు. అక్కడ ఒంటికి నూలు, అంచుకు, కొంగుకు పట్టు. కుప్పడం పద్ధతిలో మూడు నాడెలతో అంచును ఒంటితో పెనవేస్తూ నేయడానికి పక్కన రెండో మనిషి కావాలి. ఆ సహాయకుడు దొరక్కపోతే మగ్గం నడవదు. నారాయణపేటలో ఒకేసారి ఎనిమిది చీరల పడుగు ఎక్కుతుంది కాబట్టి చిన్న ఆర్డరు, చివరి నిమిషం మార్పు వాళ్లకు అసలు కుదరవు. అన్ని జిల్లాలకూ ఒకే నమూనా ప్రాజెక్టు రిపోర్టు పనికిరాదని చెప్పడానికే ఈ రెండూ ఇక్కడ ఎత్తాం.

ఇక నగరంలోని వారితో. న్యూయార్క్ గార్మెంట్ డిస్ట్రిక్ట్ ఏళ్ల తరబడి నిలిచింది చిన్న దుకాణాల వల్లే. గుండీలవాడు, జిప్పులవాడు, కుచ్చులు మడిచేవాడు, శాంపిల్ కుట్టేవాడు నాలుగు వీధుల్లోనే ఉండేవారు. పొద్దున గీసిన బొమ్మ సాయంత్రానికి గౌను అయ్యేది. అద్దెల దెబ్బకు వాళ్లు పోకుండా 1987లో నగరం ప్రత్యేక జోనింగ్ నిబంధన తెచ్చింది, 2018లో దాన్ని ఎత్తేసింది. అంత పెద్ద నగరానికే ఆ చిన్న పనివాళ్లను కాపాడుకోవాలని తోచింది. మీకూ మాకూ మధ్య ఉన్నది గంట, గంటన్నర దారి. ఆ దగ్గరితనాన్ని వాడుకునే ఏర్పాటు మాత్రం లేదు.

శాంపిల్‌నే తీసుకోండి. మీకు మీటరు ముక్క కావాలి. మేం పడుగు ఎక్కిస్తే ఏడెనిమిది చీరల వార్పు. అందుకే ‘శాంపిల్ కుదరదు’ అంటాం, మీరు డిజిటల్ ప్రింటు దగ్గరికి పోతారు. దీనికి దారి ఉంది. ప్రతి ఊళ్లో రెండు మగ్గాల మీద నల్ల పడుగు, గోధుమ తెలుపు పడుగు ఎప్పుడూ ఎక్కించి ఉంచాలి. పేక ఇక్కత్ డిజైను ఏదైనా ఆ పడుగు మీదే వారం రోజుల్లో అరమీటరు నేసి చూపించవచ్చు. ఆ రెండు మగ్గాల నేతగాళ్లకు శాఖ నెలజీతం ఇవ్వాలి, శాంపిల్‌కు డిజైనర్ రుసుము కట్టాలి. పుట్టపాక తేలియా రుమాలుకు, పడుగూ పేకా రెండూ చిటికి కట్టే డబుల్ ఇక్కత్‌కు ఇది కుదరదు. నూలును ఆముదం, ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెట్టాకే దానికి ఎరుపు పడుతుంది. దానికి తొందర పెట్టకండి.

ఆర్డరు తేదీ రెండో సంగతి. సింగిల్ ఇక్కత్ (పడుగుకో పేకకో ఒకదానికే చిటికి కట్టేది) పట్టు వార్పు ఒకటి నూలు కొన్న రోజు నుంచి చివరి చీర కోసే దాకా మామూలుగా రెండు నెలలు. శ్రావణమాసం పెళ్లిళ్లకు కావాలంటే ఉగాదికల్లా గ్రాఫు ఖాయం కావాలి. ఆషాఢంలో వచ్చి అడిగితే అప్పటికే వానలకు గుంటమగ్గాల్లో నీరు ఊరుతుంటుంది, అద్దిన కట్టలు ఆరవు. ఎండాకాలంలో గాలి పొడిబారి పట్టు పోగులు తెగుతాయి. తడిగుడ్డలు కట్టుకుంటూ నేస్తాం, వేగం తగ్గుతుంది. మీ సీజన్ క్యాలెండరు గీసుకునే ముందు ఈ రెండు కాలాలనూ అందులో రాసుకోండి. కుట్టేవాళ్లకు ఇంకో జాగ్రత్త: నూలు ఇక్కత్‌ను కత్తిరించే ముందు ఒకసారి తడిపి ఆరేయండి, గళ్లు ఎదురెదురుగా కలవాలంటే మీటరుకు కొంత బట్ట అదనంగా పట్టుకోండి. వేస్టు పేరుతో ఆ ముక్కల ఖర్చును మా బిల్లులో కోయకండి.

డబ్బు సంగతి సూటిగా. 2006 ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజుల లోపు చెల్లించాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. 2024 నుంచి గడువు దాటిన బకాయిని ఆదాయపు పన్ను లెక్కలో ఆ ఏడాది ఖర్చుగా చూపడానికి కూడా వీల్లేదు. ఇది మాకు అక్కరకు రావాలంటే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థగా కేంద్రం దగ్గర నమోదు) ఉండాలి. చేనేత ఏడీ (సహాయ సంచాలకులు) గారి ఆఫీసు సిబ్బంది ఊరికొచ్చి ఒక్కరోజు కూర్చుంటే ఆధార్, పాన్‌తో ఆ పని అయిపోతుంది. పైసా ఖర్చు లేదు. అలాగే జీఐ (భౌగోళిక గుర్తింపు). పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో, పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో గుర్తింపు వచ్చింది. ఆ పేరు వాడుకునే హక్కు అధీకృత వాడకందారుగా నమోదైనవాళ్లదే. ఆ రుసుమును 2020లో 500 రూపాయల నుంచి 10 రూపాయలకు తగ్గించారు. నేసేవాళ్లందరి పేర్లూ ఆ రిజిస్టర్‌లోకి ఎక్కితేనే ప్రింటు ఇక్కత్‌ను ‘పోచంపల్లి’ అని అమ్మేవాణ్ణి నిలదీసే బలం ఊరికి వస్తుంది. కొన్ని రకాల బట్టలను చేనేతకే కేటాయించిన 1985 రిజర్వేషన్ చట్టం కింద తనిఖీలు మరమగ్గాల షెడ్ల దగ్గర జరిగితే చాలదు, నగరంలోని హోల్‌సేల్ దుకాణాల్లోనూ జరగాలి.

జీఎస్టీ కూడా ఈ గొలుసులో ఒక ముడి వేసింది. చీరగా అమ్మితే ధర ఎంతైనా 5 శాతం. అదే బట్టను కుట్టి డ్రెస్సుగా అమ్మితే 2025 సెప్టెంబర్ 22 నుంచి 2,500 రూపాయలు దాటిన ప్రతిదానికీ 18 శాతం. చేత్తో చిటికి కట్టి, చేత్తో నేసిన పట్టు జాకెట్టు 2,500 లోపు ఎలా వస్తుంది? డిజైనర్లు చీర దాటి ముందుకు పోవాలని అందరూ సలహా ఇస్తారు, పోయినవాళ్లకు తగిలేది ఈ పన్ను. హ్యాండ్‌లూమ్ మార్క్ ఉన్న కుట్టిన దుస్తులకు ధరతో పనిలేకుండా 5 శాతమే ఉండాలని జీఎస్టీ కౌన్సిల్‌లో రాష్ట్రం గట్టిగా అడగాలి. దీనికి బొటిక్ యజమానులు మాతో కలిసి సంతకం పెట్టాలి, ఎందుకంటే ఈ భారం ముందు పడేది వాళ్ల బిల్లు మీదే.

చివరగా, 2024 సెప్టెంబర్‌లో కొండా లక్ష్మణ్ బాపూజీ పేరిట ఐఐహెచ్‌టీ (చేనేత సాంకేతిక విద్యాసంస్థ) మొదలైనందుకు సంతోషం. ఇదివరకు మన పిల్లలు ఈ చదువుకు వెంకటగిరి, సేలం పోవాల్సి వచ్చేది. విద్యార్థులను ఒక సెమిస్టర్ మా ఊళ్ల అద్దకం తొట్ల దగ్గర ఉంచండి. రెసిపీ పుస్తకం రాసిపెట్టడం, నీటి పరీక్ష, చిటికి విప్పే బ్లేడుకు బదులు పోగు తెగని పనిముట్టు తయారు చేయడం వాళ్ల ప్రాజెక్టుగా ఇవ్వండి. అచ్చు అతికే పెద్దవాళ్లకు గౌరవ వేతనమిచ్చి బోధకులుగా పెట్టుకోండి.

ఉగాదికి ముందు ఒక రోజు, పోచంపల్లిలోనో చౌటుప్పల్‌లోనో మీ శాఖ, డిజైనర్లు, మాస్టర్ వీవర్లు, ఆసు, చిటికి, అద్దకం, అచ్చు పనివాళ్లు అందరూ కూర్చునే సమావేశం పెట్టండి. ఎజెండాలో మూడే ఉంచండి: ఊరికొక చిన్న డైహౌస్ నిర్వహణ ఖర్చు, శాంపిల్ మగ్గాల జీతం, అనుబంధ పనివాళ్ల కార్డు. మాట్లాడే వరసలో చిటికి కట్టే ఆడవాళ్లను ముందు పిలవండి.

ఇట్లు,
పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం, గట్టుప్పల్ ప్రాంతాల
ఆసు, చిటికి, అద్దకం, నేత పనివాళ్లం